ఆటల పీరియడ్ పిల్లలకు తిరిగి ఇవ్వండి

ఉమ్మడి వరంగల్ జిల్లాలోని విద్య, వైద్య ఆరోగ్య, క్రీడా శాఖల అధికారులకు, హెడ్మాస్టర్లకు, తల్లిదండ్రులకు బహిరంగ లేఖ

అందరికీ నమస్కారం.

నేను 31 ఏళ్లు ప్రభుత్వ హైస్కూళ్లలో పీఈటీగా పనిచేసి రిటైర్ అయ్యాను. ఇప్పుడు మా ఊరి బడి గ్రౌండులో రోజూ సాయంత్రం పిల్లలకు ఖోఖో, కబడ్డీ నేర్పుతున్నాను. జీతం లేదు, అడగడం లేదు. గత రెండేళ్లలో ఒకే విషయం మీద మూడు దరఖాస్తులు ఇచ్చాం. మొదటిది నేను, రెండోది పిల్లల తల్లులు, మూడోది ఊరి యువకులు. మూడుసార్లూ రసీదు చేతికొచ్చింది, జవాబు రాలేదు. ఏ ఆఫీసు, ఏ అధికారి అన్నది ఇక్కడ రాయను. ఒక్కరిని అడిగితే తెమిలే విషయం కాదు కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

మేము చెప్పేది ఇది: పిల్లలకు ఆరోగ్యం గురించి, రోగాలు రాకుండా చూసుకోవడం గురించి నేర్పడానికి బడిలో ఆటస్థలాన్ని మించిన చోటు లేదు. ఆ చోటునీ, ఆ పీరియడ్‌నీ పిల్లల చేతుల్లోంచి లాగేసుకుంటున్నాం.

ఒక పిల్ల సంగతి చెప్తాను. పేరు రాయను. తొమ్మిదో తరగతి. ఖోఖోలో పోల్ దగ్గర మలుపు తిరగడంలో మా గ్రౌండులో ఆమెకు సాటి ఎవరూ లేరు. నిరుడు దసరా సెలవులయ్యాక ఖో అందుకుని లేవడానికి ఆలస్యం చేయడం మొదలుపెట్టింది. బద్ధకం అనుకుని రెండుసార్లు కోప్పడ్డాను. ఆ కోపం గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఒక సాయంత్రం ఖో అందుకుని లేచింది, రెండడుగులు వేసింది, పోల్ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. "మేడం, కండ్లు తిరుగుతున్నయ్" అంది. కింది రెప్ప లాగి చూస్తే లోపల ఎరుపే లేదు, తెల్లగా పాలిపోయి ఉంది. మర్నాడు రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.4 వచ్చింది. ఆ వయసు ఆడపిల్లకు కనీసం 12 ఉండాలి. 8 కన్నా తగ్గితే తీవ్రమైన రక్తహీనత కింద లెక్క.

ఆ పిల్ల అన్ని నెలలూ రోజూ తరగతి గదిలో కూర్చుంది. ఒక్కరికీ అనుమానం రాలేదు. ఎట్లా వస్తుంది? కూర్చున్న పిల్లకు రక్తం తక్కువుంటే బయటికి కనబడదు. పరుగెత్తినప్పుడే బయటపడుతుంది.

ఆమె బ్యాగు తెరిచి చూశాం. కంపాస్ బాక్సులో నీలం రంగు ఐరన్ మాత్రలు పదకొండు ఉన్నాయి. వారానికి ఒకటి చొప్పున బడిలో ఇచ్చినవే. ఎందుకు వేసుకోలేదమ్మా అంటే, "కడుపుల తిప్పుతది మేడం, దొడ్డికి గూడ నల్లగ వస్తది, భయమైంది" అని తల దించుకుంది. ఆ నలుపు మామూలేనని, మాత్ర అన్నం తిన్నాకే వేసుకోవాలని, చాయ్‌తో కలిపితే ఐరన్ ఒంటికి పట్టదని, నిమ్మకాయ నీళ్లో ఉసిరికాయో తోడైతే బాగా పడుతుందని ఎవరూ చెప్పలేదు. మాత్ర ఇచ్చారు, రిజిస్టరులో టిక్కు పెట్టారు. పైగా ఆ పిల్ల ఉత్త కాళ్లతో ఆడేది. నట్టల్లో కొక్కెం పురుగు అనేది మలం కలిసిన మట్టిలో ఉండి అరికాలి చర్మంలోంచే ఒంట్లోకి దిగుతుంది, పేగులకు పట్టుకుని రక్తం తాగుతుంది. మన బడి గ్రౌండ్ల చుట్టూ తెల్లవారుజామున ఏం జరుగుతుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు.

డాక్టరు చెప్పిన మందులు వాడాక మార్చి నాటికి ఆ పిల్లకు 11 దాటింది. ఇప్పుడు మళ్లీ పోల్ దగ్గర ఎవరికీ దొరకడం లేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో దేశం మొత్తం మీద 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే పది మందిని నిలబెడితే ఆరుగురికి. వాళ్లంతా ఏదో ఒక తరగతి గదిలో, ఏదో ఒక ఇంట్లో నెమ్మదిగా కూర్చునే ఉన్నారు.

ఇప్పుడు ఆటలో మేము ఏం చేస్తున్నామో చెప్పాలి. దరఖాస్తుల్లో దీన్ని రెండు వాక్యాల్లో రాశాం. అందుకే ఎవరికీ అర్థం కాలేదేమో.

ఖోఖో ఆడేటప్పుడు నెలకోసారి ఒక్క పిల్లవాడి రెండు చేతులూ ముగ్గు పిండిలో ముంచుతాం. వీడు దొడ్డికి వెళ్లొచ్చి చేతులు కడుక్కోలేదు అనుకోండి అని చెప్తాం. ఇక ఆట మామూలే. ఏడు నిమిషాలయ్యాక ఆపి చూస్తే ముగ్గు పిండి వీపుల మీద, భుజాల మీద, పోల్ మీద ఉంటుంది. పోల్ పట్టుకుని తిరిగిన వాళ్ల అరచేతుల్లో ఉంటుంది. చెమట తుడుచుకున్న వాళ్ల ముక్కు మీద, పెదాల మీద ఉంటుంది. మొదటిసారి ఆరో తరగతి పిల్లవాడు ఒకడు తన మూతి మీది పిండి చూసుకుని, "నేను వాన్ని ముట్టుకోనే లేదు గద మేడం" అన్నాడు. ముట్టుకోలేదు, పోల్ ముట్టుకున్నాడు. వాంతులు, విరేచనాలు, టైఫాయిడ్ ఎట్లా అంటుకుంటాయో వాడికి ఆ రోజు అర్థమైంది. తర్వాత చేతులకు నూనెలో కలిపిన పసుపు రాసి, సగం మందిని ఉత్త నీళ్లతో, సగం మందిని సబ్బుతో ఇరవై సెకండ్లు కడుక్కోమంటాం. ఎవరి చేతులు శుభ్రమయ్యాయో వాళ్లే చూసుకుంటారు. నేను పాఠం చెప్పాల్సిన పనే ఉండదు.

కబడ్డీలో కూత ఉంది. ఒక్క గుక్కలో ఎంతసేపు కూత పెడతావు అన్నది ఊపిరితిత్తుల బలానికి చిన్నప్పటి నుంచి మన పిల్లలకు తెలిసిన కొలత. నేను వాచీ పెట్టి ప్రతి పిల్లవాడి కూత సెకండ్లు నోట్‌బుక్‌లో రాస్తాను. పదో తరగతి అబ్బాయి ఒకడికి ఇరవై ఆరు ఉండేది, మూడు నెలల్లో పందొమ్మిదికి పడింది. అందరి ముందూ ఏమీ అనలేదు, నోట్‌బుక్ చూపించాను. ఆ రాత్రి ఇంటికొచ్చి బీడీలు తాగుతున్నానని చెప్పాడు. ఊరికే తిడితే చెప్పేవాడా? ఇదే కూత గురించి మాట్లాడుతూ, రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించాలని చెప్తుంటే ఏడో తరగతి పాప లేచి "మా తాత గూడ గట్లనే దగ్గుతడు మేడం, రాత్రంత" అంది. తాతకు టీబీ అని తేలింది. మందులు ఉచితం. ఆరు నెలలు మానకుండా వాడాడు. పోషకాహారం కోసం ప్రభుత్వం నెలకు వెయ్యి రూపాయలు ఇస్తుందన్న సంగతి కూడా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ పాప కబడ్డీ ఆడకపోయి ఉంటే తాత దగ్గు ఆ గదిలో పడుకునే నలుగురికీ అంటుకునేదేమో.

ఇది మా ఊరి కొత్త కనిపెట్టుడు కాదు. ఎయిడ్స్‌తో ఊళ్లకు ఊళ్లు చితికిపోతున్న రోజుల్లో, 2002లో, జింబాబ్వేలో ఫుట్‌బాల్ ఆటగాళ్లు గ్రాస్‌రూట్ సాకర్ అనే సంస్థ పెట్టి ఆట ద్వారానే పిల్లలకు హెచ్ఐవీ గురించి చెప్పడం మొదలుపెట్టారు. నేల మీద కోన్లు పెడతారు, ఒక్కో కోను ఒక్కో ప్రమాదం. బంతి తీసుకెళ్తూ కోనుకు తగిలితే మొదట ఆ పిల్లవాడే దండాలు తీయాలి. రెండోసారి వాడి టీమంతా తీయాలి. మూడోసారి మైదానంలో ఉన్న వాళ్లంతా తీయాలి. ఒకడికి వచ్చిన రోగం ఇంటి మీద, ఊరి మీద ఎట్లా పడుతుందో పిల్లల ఒంటికే తెలుస్తుంది. ఫిఫా కూడా ఆఫ్రికా దేశాల్లో పదకొండు ఆరోగ్య విషయాలను ఫుట్‌బాల్‌తో కలిపి నేర్పించింది. వాళ్లకు ఫుట్‌బాల్ ఉంటే మనకు ఖోఖో, కబడ్డీ ఉన్నాయి. ఖరీదైన సామాన్లు అక్కర్లేని ఆటలు.

అంతెందుకు, మన కాగితాల్లోనూ ఇది ఉంది. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రారంభించారు. ప్రతి ప్రభుత్వ బడిలో ఇద్దరు టీచర్లు ఆరోగ్య రాయబారులుగా ఉండాలి, పదకొండు అంశాలు, వారానికి ఒక గంట, అది కూడా ఆటపాటలతో చెప్పాలి అన్నారు. ఆటలతో కలిపి బోధించాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలులో బడికి ఆటస్థలం ఉండాలని, 6 నుంచి 8 తరగతుల్లో వంద మందికి మించి పిల్లలుంటే ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుడైనా ఉండాలని రాసి ఉంది. 2022లో మన రాష్ట్రంలో ఊరూరా క్రీడా ప్రాంగణాలు వచ్చాయి. మాకు కావలసిందల్లా దాదాపుగా ముందే రాసిపెట్టి ఉంది. జరగడం లేదు, అంతే.

జరగనందువల్ల మామూలు ఇళ్లలో ఏమవుతోందో వివరంగా రాస్తున్నాను.

1. ఆడపిల్లలు గ్రౌండుకు దూరమవుతున్నారు. ఏడు, ఎనిమిది తరగతుల్లో పెద్దమనిషి కాగానే ఆట మానిపిస్తారు. ఒక అవ్వ నా దగ్గరికే వచ్చి, "పంతులమ్మా, ఇగ మా పిల్లను ఉరికియ్యకు, గర్భసంచి జారుతది" అంది. పరుగెత్తితే గర్భసంచి జారదని, నెలసరిలో నొప్పి ఉన్నా కదిలితే చాలామందికి తగ్గుతుందని ఆమెకు చెప్పడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. మూడో సాయంత్రం తనే పిల్లను తీసుకొచ్చి గ్రౌండు గట్టు మీద కూర్చుంది. ఆడపిల్లలు మాత్రం ఈ మాటలు తరగతిలో, మగపిల్లల ముందు ఎన్నటికీ అడగరు. ఆట అయ్యాక చెమట ఆరబెట్టుకుంటూ గుంపుగా కూర్చున్నప్పుడు అడుగుతారు. తెల్లబట్ట గురించి, గుడ్డలు నీడలో ఆరేయడం గురించి, బడిలో బాత్రూంకు నీళ్లు లేక పొద్దంతా నీళ్లు తాగకపోవడం గురించి. నీళ్లు తాగకపోతే మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్. అది మళ్లీ బడికి నాగా. ఆటల పీరియడ్ పోతే ఆ పదిహేను నిమిషాల ముచ్చట కూడా పోతుంది. నా లెక్కలో ఇది అన్నిటికన్నా పెద్ద నష్టం.

2. వానాకాలం జ్వరాలు అప్పులు తెస్తున్నాయి. జ్వరం రాగానే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది, తగ్గకపోతే వరంగల్‌లోనో హనుమకొండలోనో ప్రైవేటు ఆసుపత్రి, ప్లేట్‌లెట్లు పడిపోయాయంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్. పత్తి ఏరిన పైసలు, కొన్నిసార్లు పుస్తెలు కూడా అక్కడే పోతాయి. డెంగీ దోమ మంచి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, పగటిపూట కుడుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే వారానికోసారి నిల్వ నీళ్లు పారబోయాలని శుక్రవారాన్ని డ్రై డే అంటారు. మా పిల్లలు శుక్రవారం పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, కూలర్ ట్రేలు, పగిలిన కుండలు వెతికి బోర్లించే పందెం ఆడతారు. తోకాడించే పురుగులున్న నీళ్లు చూపించిన టీముకు రెండు పాయింట్లు. గోడ మీద నినాదం రాయడం కన్నా ఇది నయం, ఎందుకంటే వాళ్ల వాళ్ల ఇళ్లలో తొట్టి ఖాళీ చేయించేది ఈ పిల్లలే.

3. గ్రౌండు లేని సాయంత్రం మగపిల్లలు ఎక్కడికి పోతున్నారో అందరికీ తెలుసు. బడికి వంద గజాల లోపు సిగరెట్లు, పొగాకు అమ్మకూడదని 2003 చట్టం ఉంది. ఒకసారి మీరే వచ్చి అడుగులతో కొలవండి.

4. ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు గూడేల్లో మలేరియా గురించి పోస్టర్లు తెలుగులో ఉంటాయి. చదవాల్సిన అవ్వకు కోయ తప్ప రాదు, తండాల్లో లంబాడీ మాట్లాడతారు. దోమతెర ఎందుకు కట్టాలో ఆ ఇంట్లో చెప్పగలిగేది బడికి వెళ్లే పిల్లే. ఆ పిల్లకు పోస్టరు గుర్తుండదు, కబడ్డీలో అందరూ చేతులు పట్టుకుని తెరలాగా నిలబడి "దోమ"ను పట్టేసిన ఆట గుర్తుంటుంది. ఆ ఆట పేరు కూడా వాళ్ల భాషలోనే పెట్టుకుంటారు.

5. పదో తరగతి ఫలితాల పేరు మీద ఆటల పీరియడ్లు లెక్కలకు, సైన్సుకు పోతున్నాయి. తోటి టీచర్ల మీద ఉన్న ఒత్తిడి నాకు తెలుసు, నేనూ స్టాఫ్‌రూంలో ముప్పై ఏళ్లు కూర్చున్నదాన్నే. కానీ 7.4 రక్తంతో ఉన్న పిల్లకు మీరు అదనంగా చెప్పిన గంట లెక్కలు ఎంత ఎక్కుతాయి? 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు అలిసే కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మన పిల్లలకు వారంలో కూడా అంత దొరకడం లేదు.

పారిస్ పారాలింపిక్స్‌లో 2024లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన దీప్తి జీవాంజి మన పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ. ఆమె గెలిచిన రోజు మా పిల్లలు గ్రౌండంతా ఎగిరారు. పతకం వచ్చినప్పుడు ఫ్లెక్సీలు కట్టండి, సంతోషమే. పతకం రాని లక్షల మంది పిల్లలకు కూడా ఆట అవసరమని మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇక మేము అడుగుతున్నవి.

1. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆటల పీరియడ్‌ను మరో సబ్జెక్టుకు ఇవ్వకూడదని రాతపూర్వకంగా ఆదేశాలు ఇవ్వండి. జనవరి నుంచి మార్చి వరకు కూడా.

2. 2020 కార్యక్రమంలోని వారానికి ఒక గంటను గ్రౌండులోనే జరపండి. పీఈటీ ఉన్న చోట ఆరోగ్య రాయబారుల్లో ఒకరు పీఈటీ కావాలి. నెలకు ఒక్కరోజు ఏఎన్ఎం, ఆశా కార్యకర్త అదే గంటకు గ్రౌండుకు రావాలి.

3. ఏడాదికి రెండుసార్లు ఆడపిల్లలకూ మగపిల్లలకూ హిమోగ్లోబిన్ పరీక్ష చేసి, అంకె పిల్లల చేతికి ఇవ్వండి. తక్కువ ఉన్న వాళ్ల ఇంటికి కబురు వెళ్లాలి. ఐరన్ మాత్ర అన్నం తిన్నాక టీచరు ముందే మింగాలి. ఫిబ్రవరిలో, ఆగస్టులో నట్టల మందు ఇచ్చే రోజున ఉత్త కాళ్ల సంగతి కూడా చెప్పాలి.

4. ప్రతి గ్రౌండు దగ్గర నల్లా, సబ్బు, తాగే నీళ్లు, ఆడపిల్లలకు తలుపుకు గడియ ఉన్న బాత్రూం పెట్టండి. గడియ అని ప్రత్యేకంగా రాశాను, ఎందుకో ఆడపిల్లలను అడగండి.

5. ఖాళీగా ఉన్న పీఈటీ పోస్టులు నింపండి. అప్పటిదాకా చట్టం చెప్పినట్టు పార్ట్‌టైమ్ బోధకులను పెట్టండి. ఊళ్లలో రిటైర్ అయిన మాలాంటి వాళ్లు, జిల్లా స్థాయిలో ఆడిన యువతీ యువకులు ఉన్నారు. ఒక వారం శిక్షణ ఇస్తే చాలు, మేం నేర్పుతాం.

6. క్రీడా ప్రాంగణాల్లో గడ్డి కోసి, నేల చదును చేసి, సాయంత్రం దీపం పెట్టండి. వడ్లు ఆరబోసే కల్లాలకు రైతులకు వేరే చోటు చూపించండి. వాళ్లను తరిమేయమని మేము అడగడం లేదు.

7. ఈ లేఖకు ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వండి. చేయగలిగినవి ఏవి, ఎప్పటికి, చేయలేనివి ఏవి, ఎందుకు, అని. కాదు అన్నా సరే, కాగితం మీద చెప్పండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. సాయంత్రం పిల్ల ఆడుకుని మట్టి కొట్టుకుని వస్తే తిట్టకండి. చేతులు కడిగించి, ఇవాళ ఏం ఆడారు అని అడగండి.

మా గ్రౌండులో రోజూ సాయంత్రం నాలుగున్నరకు ఆట మొదలవుతుంది. మీలో ఎవరు ఏ రోజు వచ్చినా సరే, ముందుగా చెప్పాల్సిన పని లేదు. ఆ రోజు ముగ్గు పిండి ఆట ఆడిస్తాం. కంపాస్ బాక్సులో మాత్రలు దాచుకున్న పిల్లే దగ్గరుండి మీకు అంతా చూపిస్తానంటోంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయిని,
వరంగల్ జిల్లా